దొర వేషం, నింజా ముక్క

మా ఐరాలలో ముక్కలు చేతబట్టినవాడు చెడిపోయినట్టే లెక్క. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని 1967లో, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన సత్యనారాయణ కేసులోనే, సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మా వీధి దాకా రాలేదు. అందుకే బెంగళూరులో ఆదివారాలు ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ ఆడతానని ఇంట్లో చాన్నాళ్ళు చెప్పలేదు.

1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన ఈ ఆటలో ఎవరి పేక వాళ్ళే కూర్చుకోవాలి. నాది నింజాల పేక. మొదట్లో వరసగా ఓడిపోయాను. చేతికొచ్చిన ప్రతి నింజానీ పూర్తి ఖర్చు పెట్టి బల్ల మీద పరిచేసేవాణ్ణి. ఎదుటివాడు తీరిగ్గా చూసి, అడ్డు పెట్టుకునేవాడు. నల్లబట్టలు, ముసుగు, కత్తి: నేను సినిమా నింజాతో ఆడుతున్నాను.

చరిత్రలోని నింజా వేరు. 1681 నాటి ‘షోనింకి’ అనే జపాన్ గూఢచర్య గ్రంథం ఏడు వేషాలు చెబుతుంది. బుట్టలాంటి టోపీలో ముఖం దాచుకుని వేణువూదే సన్యాసి, బౌద్ధ భిక్షువు, కొండల్లో తిరిగే తాపసి, వర్తకుడు, గారడీవాడు, నాటకాలాడేవాడు, చివరికి మామూలు మనిషి. ఈ ఏడింటిలో నల్లబట్టలవాడు లేడు.

2005లో ‘బిట్రేయర్స్ ఆఫ్ కమిగావా’ ముక్కలతో వచ్చిన ‘నింజుత్సు’ నియమం కూడా వేషం గురించే. ఆర్నిథాప్టర్ లాంటి అల్పజీవిని దాడికి పంపుతాను. దాని ఖర్చు సున్నా, బలమూ సున్నా, కానీ ఎగురుతుంది. ఎవరూ అడ్డురాలేదని తేలాక దాన్ని చేతిలోకి వెనక్కి తీసుకుని, ఆ చోట నింజాని దించుతాను. ‘నింజా ఆఫ్ ద డీప్ అవర్స్’ని మామూలుగా దించితే నాలుగు మానా, ఇలా దించితే రెండే. దెబ్బ తగిలితే నాకు ఇంకో ముక్క కూడా వస్తుంది. కాబట్టి పేకలో నింజాలు మాత్రమే ఉంటే లాభం లేదు, వాళ్ళకు వేషమయ్యే చవక జీవులూ దండిగా ఉండాలి. రెండు మానా ఎప్పుడూ మిగుల్చుకోవాలి. చేతిలో నింజా లేనప్పుడు కూడా ఉన్నట్టే దాడి చేయాలి.

ఇదంతా ఒకసారి మా అవ్వకి చెప్పాను. నవ్వింది. “ఇది మన గంగమ్మ కత గదరా” అంది.

తిరుపతి గంగమ్మ జాతర కథ మా వైపు అందరికీ తెలుసు. ఆడవాళ్ళని చెరిచే పాలెగాడు ఒకనాడు గంగమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె నిజరూపం చూపించింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. అప్పట్నించి బైరాగి, బండ, తోటి వేషాల్లో వాడి కోసం తిరిగింది. చివరికి దొర వేషంలో వస్తే, ఎవరో తనలాంటి దొర వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. తల తెగిపడింది.

“నిజరూపం జూసినప్పుడు దాక్కున్నాడు, వేషం జూసి బయటికొచ్చినాడు,” అంది అవ్వ. నేను పోగొట్టుకున్న ఆటలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

జపాన్‌కీ తిరుపతికీ ముడిపెట్టడం లేదు. ఎదురుగా నిలబడి గెలవలేనివాళ్ళు ఎక్కడున్నా వేషాన్నే ఆశ్రయిస్తారు, అంతే. చిన్నప్పుడు ఆ జాతరలో మా మామ మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని నడుస్తుంటే, ఆయన మా మనిషి కాదన్నట్టు దూరంగా జరిగాను. మీసాలున్న మగవాళ్ళు ఏడాదికొకసారి ఆడరూపం ధరించి ఎవరి పక్షాన నిలబడుతున్నారో అప్పుడు ఆలోచించలేదు. జపాన్ గూఢచారుల వేషాలు మాత్రం ఇష్టంగా చదువుకున్నాను.

జాతరలో దొర వేషం తర్వాత మాతంగి వేషం వస్తుంది. పాలెగాడి భార్యని ఓదార్చడానికి గంగమ్మే ఆ రూపంలో వెళ్ళిందంటారు. నా ఆటలో ఎదుటివాడి ప్రాణం సున్నాకి రాగానే ముక్కలు ఏరుకుని డబ్బాలో పెట్టేస్తాం. గెలిచినవాళ్ళు ఓడినవాడి ఇంటికెళ్ళే నియమం ఏ ముక్క మీదా కనబడలేదు.