క్లైమేటిక్ రీసెర్చ్ యూనిట్

ఇంగ్లండులోని నారిచ్ నగరంలో, ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయానికి చెందిన శీతోష్ణస్థితి పరిశోధన కేంద్రం. 1972లో ఏర్పడింది. తొలి సంచాలకుడు హ్యూబర్ట్ లాంబ్ పాత డైరీలు, ఓడల లాగ్‌బుక్కుల వంటి చారిత్రక పత్రాల ఆధారంగా గత శతాబ్దాల వాతావరణాన్ని అధ్యయనం చేశారు. చెట్ల వార్షిక వలయాలపైనా ఇక్కడ పరిశోధన జరిగింది.

నేలపై నమోదైన ఉష్ణోగ్రతలను క్రోడీకరించిన ‘క్రూటెమ్’ దత్తాంశం ఈ కేంద్రం ప్రధాన కృషి. దీనికి బ్రిటన్ వాతావరణ శాఖ సేకరించిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతలను జోడిస్తే ‘హాడ్‌క్రట్’ అవుతుంది. 1850 నుంచి భూగోళం ఎంత వేడెక్కిందో లెక్కించడానికి ఇది ముఖ్య ఆధారం.

2009 నవంబరులో హ్యాకర్లు ఇక్కడి ఈమెయిళ్లను బయటపెట్టడంతో వివాదం రేగింది. శాస్త్రవేత్తలు దత్తాంశాన్ని తారుమారు చేయలేదని విచారణలు తేల్చాయి. సమాచారం వెల్లడించడంలో తగినంత పారదర్శకత లేదని మాత్రం తప్పుపట్టాయి.