కొండకు తిరిగొచ్చిన గొంతులు

గుమ్మలక్ష్మీపురంలో పొద్దు తొందరగా గుంకుతుంది. సూర్యుడు పడమటి కొండ వెనక్కి దిగాడో లేదో, ఊరంతా నీడ పరుచుకుంటుంది. ఇది 1970లలో ఒక మాఘమాసపు రాత్రి. చింతపండూ కొండచీపుర్లూ అమ్ముకుని ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కున్నవాళ్లు కావిళ్లెత్తుకుని పైగూడలకు ఎప్పుడో వెళ్లిపోయారు. కొందరు మాత్రం ఆగిపోయారు. మీరూ వాళ్లతో పాటే మేస్టారింటి అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. ఇవాళ రేడియోలో ‘మాయాబజార్’ వేస్తారు.

మంచి సినిమా చూడాలంటే బస్సెక్కి పార్వతీపురం పోవాలి. ఆట విడిచేసరికి తిరుగు బస్సుండదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగంమంది తెర ముందు ఒక్కసారీ కూర్చోలేదు. అయినా సావిత్రి గొంతు వాళ్లకు తెలుసు. ఎస్వీ రంగారావు నవ్వితే గుర్తుపడతారు.

మేస్టారు రేడియో బయటికి తెచ్చారు. తోలు కవరు, దాని మీద గుండ్రటి చిల్లులు, భుజానికి తగిలించుకునే పట్టీ. పొద్దున్నుంచీ పెరట్లో ఎండబెట్టిన సెల్లు ఒక్కొక్కటే తుడిచి లోపల పెడుతున్నారు. నీరసించిన సెల్లు ఎండ తగిలితే ఇంకో రాత్రికి లేస్తుందని ఊరందరి నమ్మకం. స్విచ్చి టిక్కుమంది. ముందు గరగర, దాని వెనక ఈల లాంటి చప్పుడు.

ఇప్పుడు మేస్టారి వేళ్లనే చూడండి. చక్రాన్ని గోరంత తిప్పుతారు, ఆగుతారు, వెంట్రుకవాసి వెనక్కి తెస్తారు. ఒడియా పాట ఒకటి వచ్చి పోయింది. ఎవరో హిందీలో వార్తలు చదువుతున్నారు. ఆయన రేడియోను రెండు చేతులా ఎత్తి, అరుగు మీదే నెమ్మదిగా పక్కకు తిప్పారు. లోపల పెన్సిలంత నల్లటి కడ్డీ, దాని చుట్టూ సన్నటి రాగితీగ ఉంటాయి. ఆ కడ్డీ కొన స్టేషను వైపుంటే గొంతు చిక్కిపోతుంది, అడ్డంగా నిలిస్తే నిండుగా పలుకుతుంది. ఈ సంగతి మేస్టారు ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఏ గుంజ వైపు తిప్పితే విశాఖపట్నమో, ఏ గుంజ వైపు తిప్పితే విజయవాడో అరుగుకే కొలతలు పెట్టుకున్నారు.

చుట్టూ కొండలే. పగలు విజయవాడ అందదు. ఎండ తగులుతున్నంతసేపూ ఆకాశంలో ఒక పొర మీడియం వేవ్ తరంగాల్ని మింగేస్తుంది. పొద్దుగుంకితే ఆ పొర చెదిరిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైకి పోయి, అక్కడి మరో పొర నుంచి వంగి, కొండలు దాటి దూరాన దిగుతాయి. అందుకే ఈ ఊరికి చీకటి పడ్డాకే పాట వినిపిస్తుంది.

“ఆకాశవాణి, విజయవాడ కేంద్రం.” అరుగు మీద మాటలాగిపోయాయి. చుట్ట కాలుస్తున్న ముసలాయన దాన్ని నేలకేసి నొక్కేశాడు.

1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం అది. విశాఖపట్నం కేంద్రం 1963లో వచ్చింది. ఉషశ్రీ భారతం చెబితే ఇదే అరుగు మీద విన్నారు, పాడిపంటల సంగతులూ నాటకాలూ విన్నారు. కానీ సంక్షిప్త శబ్దచిత్రం వచ్చే రాత్రి తీరే వేరు. మూడు గంటల పైచిలుకు సినిమాలోంచి మాటలూ పాటలూ ఏరి గంటకు కుదించి వినిపిస్తారు. అమెరికాలోనూ ఒక తరం ఇలాగే రేడియో చుట్టూ మూగింది. 1936 నుంచి 1955 దాకా ‘లక్స్ రేడియో థియేటర్’ హాలీవుడ్ సినిమాల్ని గంటసేపటి నాటకాలుగా వినిపించింది. తెర మీద కనిపించే నటులే మైకు ముందు నిలబడి పలికేవారు. కొన్నేళ్లపాటు సెసిల్ బి. డెమిల్ అంతటి దర్శకుడు ఆ కథల్ని పరిచయం చేశాడు. టికెట్టుకు డబ్బుల్లేని ఇళ్లకు సినిమా ఆ దారిన నడిచి వెళ్లింది. మన దగ్గరికి గుమ్మలక్ష్మీపురం దాకా వచ్చింది.

అరుగు మీది రేడియోలో ఘటోత్కచుడు పెళ్లివంటల మీద పడ్డాడు. మాధవపెద్ది సత్యం గొంతు పాడుతోంది, మధ్యలో రంగారావు నవ్వు. తెర మీదైతే లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి పోతాయి. మార్కస్ బార్ట్లే కెమెరా చేసిన ఆ గారడీ 1957లో హాళ్లలో జనాన్ని ఊపేసింది. ఇక్కడ కెమెరా లేదు. మీ ముందున్న గుంటడు నోరు తెరిచి చీకట్లోకి చూస్తున్నాడు. వాడి ఘటోత్కచుడు ఎదురుగా ఉన్న కొండంత ఉన్నాడు, వాడి లడ్డూ పనసకాయంత ఉంది.

అంతకు ముందే పడవ పాట వచ్చింది. ఘంటసాల, పి. లీల. వెన్నెల్లో నీళ్ల మీద తేలిపోయే పాట. ఎవరూ కదల్లేదు. దూరంగా గెడ్డ పారుతున్న చప్పుడు కూడా పాటలో కలిసిపోయింది. కాసేపటికి పెళ్లి పాట వచ్చింది, సుశీల గొంతు గలగలమంది. గొంతు ఓసారి దగ్గరికొస్తుంది, ఓసారి కొండ అవతలికి పోయినట్టు సన్నగిల్లుతుంది. సన్నగిల్లినప్పుడల్లా అందరూ రేడియో వైపు ఒరుగుతారు.

సెల్లు అయిపోకముందే మేస్టారు రేడియో కట్టేశారు. నిప్పు ఎగదోస్తూ ఓ ముసలమ్మ అడిగింది: “ఆ పడవ పాట కట్టినోడు ఎవుడు నాయినా?”

“సాలూరి రాజేశ్వరరావు, అప్పా.”

“సాలూరా? పార్వతీపురం అవతల, మన సాలూరే?”

“ఆ సాలూరే. పక్కన శివరామపురం ఆయన సొంతూరు.”

మేస్టారు మెల్లగా చెప్పుకొచ్చారు. పదమూడేళ్లకే మద్రాసు పోయి ‘శ్రీకృష్ణ లీలలు’లో చిన్నికృష్ణుడైన కుర్రాడు పెద్దయి ‘మల్లీశ్వరి’కి బాణీలు కట్టాడు. ఘంటసాలది కృష్ణా జిల్లాయే అయినా, సంగీతం కోసం విజయనగరం వచ్చి, మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నాడు. అక్కడ ఆయన్ని చేరదీసి ఇంట్లో ఉచితంగా పాఠం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రిగారు సాలూరు గురువుగారే. సుశీల పుట్టిందీ, సంగీతం నేర్చిందీ విజయనగరంలోనే. ఈ కొండల కింద పాట నేర్చినవాళ్లంతా మద్రాసు పోయారు. అక్కడి మైకు ముందు పాడింది విజయవాడ చేరి, ఆకాశానికెక్కి, ఇదిగో, ఈ అరుగు మీద దిగింది.

ముసలమ్మ కాసేపు మాట్లాడలేదు. “అయితే మనోళ్లేనన్నమాట” అంది, ఇంటికొచ్చిన బిడ్డను చూసుకున్నట్టు ఆ తోలు పెట్టె వైపు చూస్తూ.

కాగడా పట్టుకుని జనం గూడల దారి పట్టారు. మీరూ లేచారు. చలి గట్టిగానే ఉంది. ముందు పోతున్న గుంటడు పడవ పాట కూనిరాగం తీస్తున్నాడు. మాటలు సగం తప్పు, బాణీ మాత్రం సరిగ్గా ఉంది. వెనక నుంచి ముసలమ్మ గొంతు కలిపింది.