కొండవారి చేతికి తుపాకి: సైన్స్ ఫిక్షన్ ధారావాహికలో నీతి, పోరాటం – భద్రాచలం అడవి సరిహద్దు నుంచి ఒక పరిశీలన

టెలివిజన్ సైన్స్ ఫిక్షన్‌పై వచ్చిన విమర్శలో నీతిని, పోరాటాన్ని త్రాసులోని రెండు పళ్లేలుగా చూడటం పరిపాటి. ఒకటి బరువెక్కితే రెండవది తేలిపోతుందన్నది అందులోని ఊహ. పోరాటమే నీతి ప్రశ్నగా మారిన చోట ఈ త్రాసు పనికిరాదన్నది ఈ వ్యాసంలోని వాదం. ఇందుకోసం 1968లో ప్రసారమైన ఒక అమెరికన్ కథాభాగాన్ని, 2005 తరువాత ఖమ్మం–భద్రాచలం అడవి సరిహద్దును తాకిన చరిత్రను పక్కపక్కన ఉంచి పరిశీలించవలసి ఉంది. ఒకదాని ప్రభావం మరొకదానిపై ఉందని ఇక్కడ చెప్పబోవడం లేదు. రెండు చోట్లా ఎదురైన ప్రశ్న ఒక్కటే: కొండవారి చేతికి ఆయుధమివ్వడం వారిని రక్షించడమవుతుందా?

జీన్ రాడెన్‌బెర్రీ రూపొందించిన ‘స్టార్ ట్రెక్’ తొలి నమూనా చిత్రాన్ని, అది మరీ మేధోపరంగా ఉందన్న కారణంతో ఎన్‌బీసీ సంస్థ తిరస్కరించిందని ఆయనే చెప్పుకున్నాడు. రెండవ నమూనా ముష్టియుద్ధంతో ముగిసింది, ఆమోదం పొందింది. 1966 సెప్టెంబరు నుంచి 1969 వరకు 79 భాగాలుగా సాగిన ఆ ధారావాహికకు పోరాటం ఒక విధంగా వ్యాపార షరతు. మన దూరదర్శన్‌లో 1997లో మొదలైన ‘శక్తిమాన్’ ఈ షరతును వేరే విధంగా తీర్చింది. కథలో పోరాటం, కథ ముగిశాక పిల్లలకు బుద్ధులు. 1998 నాటి కేతన్ మెహతా ధారావాహిక ‘కెప్టెన్ వ్యోమ్’లో పారిపోయిన నేరస్థులను పట్టుకోవడమే ప్రధానం, కనుక మంచిచెడులు ముందే తేలిపోయి ఉంటాయి. మాత్రకు చక్కెర పూసినట్టుండే ఈ పద్ధతిని తక్కువ చేయనక్కరలేదు, పిల్లలు దాన్ని ఇష్టంగానే మింగారు. కానీ చక్కెర వేరు, మందు వేరు.

‘ఎ ప్రైవేట్ లిటిల్ వార్’ అన్న భాగం (2 ఫిబ్రవరి 1968) ఈ విభజనకు లొంగదు. పదమూడేళ్ల క్రితం కెప్టెన్ కిర్క్ ఒక గ్రహంలోని కొండజాతితో కలిసి నివసించి, వారి జీవనంలో ఎవరూ తలదూర్చరాదని నివేదించి ఉంటాడు. తిరిగి వచ్చేసరికి గ్రామవాసుల చేతుల్లో తుపాకులు కనిపిస్తాయి. వాటిని తయారుచేయడం వారికి నేర్పినది శత్రు సామ్రాజ్యం. కొండజాతి నాయకుడు టైరీ మనిషిని చంపనంటాడు. అతని భార్య నోనా కిర్క్ ఆయుధాన్ని అపహరించి గ్రామస్థులకు ఇవ్వజూపుతుంది, వారి చేతిలోనే మరణిస్తుంది. అప్పుడు టైరీ తనకూ తుపాకులు కావాలంటాడు. రెండు పక్షాల బలం సమం కావాలన్న తర్కంతో కిర్క్ నూరు తుపాకులు చేయించమని ఆజ్ఞాపిస్తాడు. ఆ ఆజ్ఞలో గెలిచిన గర్వం లేదు. వియత్నాం యుద్ధం ఉద్ధృతంగా ఉన్న రోజులవి. ఇందులో వియత్నాం ప్రస్తావన దాపరికం లేనిదే. ఇక్కడ పోరాటాన్ని తీసివేస్తే మిగిలే నీతి ఏదీ లేదు. టైరీ పతనాన్ని చూపినది ఆ పోరాటమే.

అయితే ఈ కథ ఒక మూలాన్ని ఊహిస్తుంది: బయటివారు రాకముందు కొండ నిష్కళంకం. భద్రాచలం చరిత్ర అటువంటి మూలాన్ని ఇవ్వదు. 1860లో నిజాం నుంచి బ్రిటిషు వారి చేతికి వచ్చిన ఈ ప్రాంతం మధ్య పరగణాలలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రానికి మారింది. ఆ మార్పుతో పోడుపై పన్ను పెరిగింది, ఆంక్షలు వచ్చాయి. 1879లో రంప తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి అదొక కారణం. 1959లో భద్రాచలం తాలూకా ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో పోలవరం ముంపు పేరిట దానిలో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. కొండ ఉన్నచోటనే ఉంది, దొరలు మాత్రం మారుతూ వచ్చారు. జోక్యరాహిత్యాన్ని ఆదర్శంగా పెట్టుకున్న కథకుడు ఇక్కడ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాడు.

2005లో సరిహద్దుకు ఆవల, ఛత్తీస్‌గఢ్ దక్షిణ బస్తర్‌లో, మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ప్రభుత్వం ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలిచ్చింది. వారికి నెలకు 3,000 రూపాయల గౌరవవేతనం. అయిదవ తరగతి చదివితే చాలునన్నారు. ‘కోయ కమాండోలు’ అన్న పేరు కూడా వాడుకలోకి వచ్చింది. కోయ చేతి తుపాకి తిరిగినది సాటి కోయ వైపే. నందినీ సుందర్, రామచంద్ర గుహ, మన తెలుగువారైన ఇ.ఎ.ఎస్. శర్మ వేసిన వ్యాజ్యంలో 5 జూలై 2011న సుప్రీంకోర్టు ఆ నియామకాలు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం అది. తీర్పులో జోసెఫ్ కాన్రాడ్ నవల ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ ప్రస్తావన ఉంది. న్యాయస్థానానికి నవల తగినదైనప్పుడు మన పరిశోధనకు టెలివిజన్ కథ తగనిది కాబోదు.

కిర్క్‌కు, ధర్మాసనానికి ఉన్న తేడా స్పష్టమే. కిర్క్ సమతూకాన్ని ఎంచుకున్నాడు. ధర్మాసనం మాత్రం ఆయుధం అందుకునే యువకుడి ప్రాణాన్ని, అతని విచక్షణకు ఉన్న పరిమితులను ముందుకు తెచ్చింది. టైరీ ఆవేశంలో అడిగినది అతనికివ్వడం న్యాయమేనా అన్న ప్రశ్నను కథ స్పృశించి వదిలేసింది, తీర్పు దానినే ఆధారం చేసుకుంది. అయినా ఆ ఏడాదే ఛత్తీస్‌గఢ్ సహాయక సాయుధ పోలీసు దళాల చట్టాన్ని చేసి ఆ యువకులను అందులోకి తీసుకుంది. కనుక తీర్పును కథ కంటే సుఖాంతమని అనుకోవడం తొందరపాటు.

టెలివిజన్ కథకు అందని భాగం మరొకటి ఉంది. ఆ యాభై నిమిషాలలో ఊరు విడిచి పారిపోయేవారు కనిపించరు. సల్వాజుడుం కాలంలో గోదావరి వైపు దాటి వచ్చిన కుటుంబాలు ఉమ్మడి ఖమ్మం అడవుల్లో పోడు కొట్టుకుని గుడిసెలు వేసుకున్నాయి. స్థానికులు వారిని గొత్తికోయలంటారు. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డు తెగవారైన వీరికి ఇక్కడ ఆ గుర్తింపు దక్కలేదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు భూమిలో మొక్కలు నాటే వివాదంలో ఒక అటవీ రేంజి అధికారి గొత్తికోయల చేతిలో హత్యకు గురయ్యారు. అక్కడ వాడినవి ఎవరో ఇచ్చిన తుపాకులు కావు, ఇంట్లోని కత్తులు.