తెలిసిన పాటకు కొత్త ప్రతిధ్వని

పద్యనాటకం జరిగే రాత్రి మన పల్లెల్లో మైకు సెట్టు యజమాని బాధ్యత నటుల బాధ్యతకు తీసిపోయేది కాదు. కాటిసీనులో హరిశ్చంద్రుడు రాగం తీయబోయే సమయానికి ఆ మనిషి తన పెట్టె మీది ఒక బొత్తాన్ని కొంచెం తిప్పుతాడు. పద్యంలోని చివరి అక్షరం ఒక్కసారి వినిపించి ఆగిపోదు. తగ్గుతూ తగ్గుతూ నాలుగైదు మార్లు వినవస్తుంది. దర్శి, పొదిలి ప్రాంతాలలో దీనిని 'ఎకో' అంటారు. ఎకో బాగా పెట్టినవాడికి మంచి పేరే వస్తుంది గాని, అతనిని వాద్యకారుడని ఎవరూ అనరు. భూగోళానికి అవతలి వైపున, జమైకా అనే దీవిలో, సరిగా ఇటువంటి బొత్తాన్నే వాద్యంగా చేసుకొని 'డబ్' అనే సంగీత శాఖ పుట్టింది. దాని చరిత్రలో గాయకుల కంటె రేడియో మరమ్మతు చేసేవారికే పెద్ద పీట వేయవలసి వస్తుంది.

జమైకా మన పాత ప్రకాశం జిల్లా కన్న చిన్నది. 1962 ఆగస్టు 6న స్వతంత్రమయింది. అక్కడి బీదవారు మేళం పిలిపించుకోలేక, వీధిలో పెద్ద పెద్ద లౌడు స్పీకర్లు నిలబెట్టి, గ్రామఫోను రికార్డులు వేసుకొని నృత్యం చేసేవారు. ఈ మైకు సెట్ల యజమానుల మధ్య పోటీ అంతా ఇంతా కాదు. ఎదుటివాడి దగ్గర లేని రికార్డు తన దగ్గర ఉండాలి! అమెరికా రేడియో కేంద్రాల నుంచి వినిపించే ప్రసిద్ధమైన పాటలను జమైకా గాయకులు తమ రెగె లయలో మళ్లీ పాడి రికార్డులు ఇచ్చేవారు. బ్రెడ్ అనే అమెరికా బృందం 1972లో ఇచ్చిన 'ఎవ్రీథింగ్ ఐ ఓన్' పాటను కెన్ బూత్ అనే జమైకా గాయకుడు రెగెలో పాడగా, 1974లో ఇంగ్లండులో అది అమ్మకాలలో మొదటి స్థానానికి ఎక్కింది.

1967, 68 ప్రాంతంలో జరిగిన ఒక సంగతిని సంగీత చరిత్రకారులు తరచుగా చెబుతారు. రడ్డీ రెడ్‌వుడ్ అనే మైకు సెట్టు యజమాని కోసం పారగాన్స్ బృందం పాటను రికార్డుకు ఎక్కిస్తున్నప్పుడు, బైరన్ స్మిత్ అనే ఇంజనీరు గాత్రం ఉన్న భాగాన్ని కలపడం మరచిపోయాడట. రెడ్‌వుడ్ ఆ రికార్డును అలాగే తీసుకుపోయి నృత్యశాలలో వేశాడు. పాట అందరికీ వచ్చిందే. గొంతు లేని చోట జనమే గొంతు కలిపి పాడారు. అది మొదలు రికార్డుకు ఒక వైపు పాట, రెండవ వైపు గాత్రం లేని 'వర్షన్' ముద్రించడం అక్కడ ఆచారమయింది.

ఈ ఆచారాన్ని ఒక కళగా పండించినవాడు ఆస్‌బోర్న్ రడ్డాక్. లోకం అతనిని కింగ్ టబ్బీ అని పిలిచింది. 1941లో కింగ్‌స్టన్ నగరంలో పుట్టాడు. రేడియోలు బాగుచేయడం, ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టడం అతని వృత్తి. సంగీతం చదువుకోలేదు. 1970ల తొలి సంవత్సరాలలో ఒక పెద్ద స్టూడియో వదిలించుకొన్న నాలుగు మార్గాల మిక్సింగు బల్లను కొని, తన ఇంటిలోనే అమర్చుకొన్నాడు.

నాలుగు మార్గాలు అంటే ఏమిటో చూద్దాం. టేపు వెడల్పును నాలుగు దారులుగా పంచి, ఒక దానిలో మృదంగం వంటి తాళవాద్యాలు, ఒక దానిలో మంద్ర స్వరాల గిటారు, ఇంకొక దానిలో తక్కిన వాద్యాలు, మరొక దానిలో గాత్రం నింపుతారు. సాగర్ నీరు దర్శి బ్రాంచి కాలువలో దిగిన తరువాత ఏ తూము తలుపు ఎత్తితే ఆ పొలానికే పోతుంది గదా! టబ్బీ చేసినది కూడా అటువంటి పనే. గాత్రం తూము ఒక్క క్షణం ఎత్తి, ఒక మాట బయటికి రానిచ్చి, వెంటనే దించివేస్తాడు. ఆ ఒక్క మాటను మాత్రం ఎకో యంత్రంలోకి మళ్లిస్తాడు.

ఎకో యంత్రం పని సులభమైన లెక్క. టేపు మొదట ధ్వనిని వ్రాసే తల కిందుగా పోయి, కొంత దూరం సాగిన తరువాత ధ్వనిని చదివే తలను చేరుతుంది. టేపు వేగం సెకండుకు 19 సెంటీమీటర్లు, తలల మధ్య దూరం 5 సెంటీమీటర్లు అయితే ధ్వని సుమారు 0.26 సెకండు ఆలస్యంగా వస్తుంది. ప్రకృతిలో ఇంత ఆలస్యం కావాలంటే 44 మీటర్ల అవతల గోడ ఉండాలి. చదివిన ధ్వనిలో కొంత భాగాన్ని తిరిగి వ్రాసే తలకు అందిస్తే మళ్లీ మళ్లీ వినవస్తుంది. పదింట ఆరు వంతులు తిరిగి ఇస్తే 1, 0.6, 0.36, 0.216... ఇలా గుణశ్రేఢిలో తగ్గుతుంది. ఆ నిష్పత్తి 1 దాటితే యంత్రం కూత పెడుతుంది. లౌడు స్పీకరు ఎదురుగా మైకు పట్టుకొన్నవారికి ఈ కూత సంగతి చెప్పనక్కరలేదు. మనం హడలిపోయి ఆపివేసే ఆ కూత అంచుదాకా వెళ్లి, చటుక్కున వెనక్కి తిప్పడమే డబ్ ఇంజనీరు నేర్పు. నిమిషానికి 75 దెబ్బలు పడే పాటలో అర దెబ్బకు 0.4 సెకండు, ప్రతిధ్వని సరిగా ఆ అర దెబ్బ మీద పడాలంటే తలల మధ్య దూరం ఎంత ఉండాలో విద్యార్థులు గుణించి చూడవచ్చు.

టబ్బీ బల్ల మీద ఇంకొక పెద్ద బొత్తం ఉండేది. అది మంద్ర ధ్వనులను ఆపి, తార ధ్వనులను మాత్రమే పోనిచ్చే జల్లెడ. పౌనఃపున్యం తగ్గిన కొలదీ కండెన్సరు చూపే నిరోధం పెరుగుతుందని ఇంటరు పాఠంలో చెబుతాము. ఆ బొత్తం తిప్పుతూ ఉంటే ధ్వనిలోని కండ క్రమంగా కరిగిపోయి 'చిక్ చిక్' మనే ఎముకలు మిగులుతాయి.

ఇంత తీసివేసినా పాట ఎందుకు నిలుస్తుంది? తెలిసిన పాట కనుక. లేని చరణాన్ని వినేవాని జ్ఞాపకం పూరిస్తుంది. ఎవరూ వినని పాటను డబ్ చేస్తే వట్టి ఖాళీయే మిగులుతుందని నా అభిప్రాయం. అందుచేతనే తరువాతి కాలంలో లోకప్రసిద్ధమైన పాటలకు ఈ పద్ధతి బాగా అతికింది. పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి ఆల్బమ్‌ను ఈజీ స్టార్ ఆల్ స్టార్స్ అనే న్యూయార్కు బృందం 2003లో 'డబ్ సైడ్ ఆఫ్ ది మూన్' పేరుతో వెలువరించింది. వారి చేతిలో మూలపు టేపులు లేవు. కాబట్టి మొత్తం పాటలన్నీ తామే రెగెలో వాయించి, పాడి, ఆ పైన డబ్ చేశారు. గయానాలో పుట్టిన మాడ్ ప్రొఫెసర్‌కు మాత్రం మాసివ్ అటాక్ బృందమే తమ 1994 ఆల్బమ్ భాగాలను అప్పగించింది. 1995లో వచ్చిన 'నో ప్రొటెక్షన్' ఆ భాగాల నుంచే తయారయింది.

మన పాటల సంగతి ఏమిటి? 'మాయాబజార్' వచ్చిన 1957 నాటికి గాయకులు, వాద్యకారులు కలిసి పాడి వాయించగా అంతా ఒకే మార్గంలో నమోదయ్యేది. మూయడానికి విడివిడి తూములు లేవు. అందుచేత పాత పాట కావలసినవారు కొత్తగా పాడించుకోవలసిందే. 1992 నాటి 'ఘరానా మొగుడు'లోని 'బంగారు కోడిపెట్ట' పాటను పదిహేడేళ్ల తరువాత 'మగధీర'లో మళ్లీ వినిపించినవారు మొదటి స్వరకర్త కీరవాణిగారే. అది డబ్ కాదు, రీమిక్సు. అయినా దాని తాతల ఊరు కింగ్‌స్టనే.

ఇప్పుడు ఆ అడ్డంకి కూడా తొలగింది. పాత క్యాసెట్టులో పియానోతో కలిసిపోయిన జాన్ లెనన్ గొంతును కంప్యూటరు విడదీసి ఇవ్వగా, 2023లో బీటిల్స్ కొత్త పాట వెలువడింది. ఘంటసాలగారి గొంతునైనా అలా విడదీయవచ్చు. మిగిలినది హక్కుల ప్రశ్న. మన 1957 కాపీరైటు చట్టానికి 2012లో చేర్చిన 31సి సెక్షన్ ప్రకారం, ఒక పాటకు అయిదేళ్లు నిండితే ఇతరులు రాయల్టీ ముందుగా చెల్లించి మళ్లీ పాడి రికార్డు చేయవచ్చు. కాని సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పులు అందులో చేయరాదు. చరణాన్ని సగంలో తెగ్గొట్టి ప్రతిధ్వనిలోకి వదలడం తప్పనిసరి మార్పని ఏ న్యాయవాదీ వాదించలేడు. డబ్‌కు హక్కుదారుల సమ్మతి కావాలి.

జమైకాలో ఆ రోజులలో ఈ బాధ లేదు, రక్షణ కూడా లేదు. 'రియల్ రాక్' అనే ఒకే వాద్యభాగం మీద వందకు పైగా రికార్డులు వచ్చాయి. వాయించినవారికి సాధారణంగా ఆనాటి కూలి తప్ప మరేమీ ముట్టేది కాదు. ఆ దేశపు స్వంత కాపీరైటు చట్టం 1993లో అమలుకు వచ్చింది. టబ్బీ అంతకు నాలుగేళ్ల ముందే, 1989 ఫిబ్రవరి 6న, తన ఇంటి ముందు హంతకుని తుపాకికి గురయ్యాడు.