రిటైర్డ్ గ్రేహౌండ్స్: ఒకప్పుడు రేస్ ట్రాక్ స్టార్లు.. ముసలితనంలో వీటికి ఇల్లు ఎవరిస్తారు? అసలు ఫోస్టరింగ్ అంటే ఏంటి?

గ్రేహౌండ్స్ అనగానే మన దగ్గర చాలామందికి ముందు గుర్తొచ్చేది పోలీసులే. 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పాటైన మావోయిస్టు వ్యతిరేక దళానికి ఆ పేరు పెట్టారు. కానీ అసలు గ్రేహౌండ్ అంటే ఓ వేటకుక్క జాతి. గంటకు 70 కిలోమీటర్ల దాకా వేగం అందుకుంటుంది. కుక్కల్లో ఇంత స్పీడ్ ఉన్న జాతి మరొకటి లేదు. అందుకే బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో వీటితో రేసులు పెడతారు, లక్షల్లో బెట్టింగులు కాస్తారు.

అయితే ఈ రేసు జీవితం చాలా చిన్నది. ఏడాదిన్నర వయసుకు అటూ ఇటూగా ట్రాక్ ఎక్కే కుక్క, మూడు నాలుగేళ్లు వచ్చేసరికి దాదాపు రిటైర్ అయిపోతుంది. గ్రేహౌండ్ ఆయుష్షు మాత్రం 10 నుంచి 13 ఏళ్లు. మరి మిగతా కాలమంతా ఎక్కడ బతకాలి? అందులోనూ పదేళ్లు దాటిన ముసలి కుక్కను ఎవరు తీసుకెళ్తారు? ఆ వివరాలేంటో ఇప్పుడు చూద్దాం.

రేసులు ఎలా మొదలయ్యాయి?

ఇప్పుడు మనం చూసే ట్రాక్ రేసింగ్‌కు మూలం అమెరికా. ఓవెన్ పాట్రిక్ స్మిత్ అనే వ్యక్తి యంత్రంతో పరుగెత్తే ఉత్తుత్తి కుందేలును తయారుచేశాడు. దాన్ని వాడుతూ 1919లో కాలిఫోర్నియాలోని ఎమరీవిల్‌లో ట్రాక్ మొదలైంది. 1926 జూలై 24న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ బెల్ వ్యూ స్టేడియంలో ఈ తరహా రేసు జరిగింది. అక్కడి నుంచి బ్రిటన్ అంతా పాకింది.

రేసు కుక్క పెరిగేది ఇంట్లో కాదు, కెన్నెల్‌లో. చుట్టూ తన జాతి కుక్కలే ఉంటాయి. టైమ్‌కి తిండి, టైమ్‌కి ట్రైనింగ్. మెట్లు, గాజు తలుపులు, టీవీ, మిక్సీ సౌండ్.. ఇవేవీ దానికి తెలియవు. అందుకే రిటైర్ అయ్యాక నేరుగా ఓ ఇంట్లోకి వదిలితే కంగారు పడిపోతుంది.

రిటైర్ అయ్యాక ఏం జరుగుతుంది?

ఒకప్పుడు పరుగు తగ్గిన కుక్కల్ని చంపేయడం మామూలు విషయంగా ఉండేది. దీనిపై విమర్శలు రావడంతో పరిస్థితి మెల్లగా మారింది. బ్రిటన్‌లో 1970ల్లో రిటైర్డ్ గ్రేహౌండ్ ట్రస్ట్ మొదలైంది. ఇప్పుడు దాన్ని గ్రేహౌండ్ ట్రస్ట్ అంటున్నారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1996లో గ్రేహౌండ్ అడాప్షన్ ప్రోగ్రామ్ వచ్చింది. దీన్నే షార్ట్‌గా గ్యాప్ అంటారు. ఇక బ్రిటన్ రేసింగ్ బోర్డు 2020లో ఓ బాండ్ పద్ధతి తెచ్చింది. కుక్కను రేసులకు రిజిస్టర్ చేసేటప్పుడే కొంత డబ్బు పక్కన పెట్టాలి, మొదట్లో అది 400 పౌండ్లు ఉండేది. అందులో సగం ఓనర్, సగం బోర్డు కడతాయి. కుక్క రిటైర్ అయ్యాక దాన్ని చూసుకునే సెంటర్‌కు ఆ డబ్బు వెళ్తుంది.

ఇదిలా ఉంటే ట్రాక్‌లు కూడా ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో 2018లో ఓటర్లు రేసింగ్ వద్దని తీర్పు ఇచ్చారు. 2020 చివరికల్లా అక్కడ రేసులు ఆగిపోయాయి. ఇప్పుడు అమెరికాలో ట్రాక్‌లు మిగిలింది వెస్ట్ వర్జీనియాలో మాత్రమే. 2018లోనే మకావ్‌లోని కానిడ్రోమ్ ట్రాక్ మూతపడినప్పుడు 500కు పైగా కుక్కలు అక్కడ మిగిలిపోయాయి. జంతు సంక్షేమ సంస్థలు ముందుకొచ్చి వాటిని వేర్వేరు దేశాల్లోని కుటుంబాలకు చేర్చాయి. రేసింగ్‌ను ఆపేస్తామని 2024 డిసెంబర్‌లో న్యూజిలాండ్ ప్రభుత్వం కూడా ప్రకటించింది. 2025లో వేల్స్ అదే బాట పట్టింది.

అంటే కొత్త ఇళ్లు వెతకాల్సిన కుక్కలు ఒకేసారి పెద్ద సంఖ్యలో వస్తున్నాయి. ఆ క్యూలో చివర నిలబడేది ముసలి కుక్కే.

పదేళ్ల కుక్క మళ్లీ రోడ్డున పడేది ఎందుకు?

ట్రాక్ దిగిన మూడేళ్ల కుక్కకు ఇల్లు దొరకడం కొంత నయం. చూడ్డానికి బాగుంటుంది, ముందు చాలా ఏళ్ల ఆయుష్షు ఉంటుంది. సమస్యంతా రెండోసారి ఇల్లు కోల్పోయిన కుక్కలతోనే.

ఉదాహరణకు ఓ ఆడ గ్రేహౌండ్‌ను ఊహించుకోండి. నాలుగేళ్ల వయసులో ఓ పెద్దావిడ దాన్ని దత్తత తీసుకుంది. ఆరేళ్లు ఇద్దరూ ఒకే ఇంట్లో బతికారు. ఆ తర్వాత ఆవిడ చనిపోయింది. పిల్లలు వేరే ఊళ్లో, చిన్న ఫ్లాట్‌లో ఉంటున్నారు. కుక్క మళ్లీ కెన్నెల్‌కే వచ్చింది. ఇప్పుడు దాని వయసు పదేళ్లు. ఓనర్ ఆస్పత్రి పాలవడం, ఇల్లు మారడం, విడాకులు.. కారణం ఏదైనా చివరికి జరిగేది ఇదే. వీటితో పాటు పిల్లల్ని కనడం కోసమే ఏళ్ల తరబడి ఉంచుకున్న ఆడ కుక్కలు కూడా ఆలస్యంగా బయటికొస్తాయి. వాటికి అసలు ఇల్లంటేనే తెలియదు.

చూసేందుకు వచ్చినవాళ్లు మూతి మీద నెరిసిన వెంట్రుకలు చూసి పక్క కుక్క దగ్గరికి వెళ్లిపోతారు. డాక్టర్ ఖర్చు ఎక్కువవుతుందేమో అని ఒక భయం. రెండేళ్లకే చనిపోతే తట్టుకోలేం అని ఇంకో భయం. ఈ రెండు భయాలకూ చాలావరకు సమాధానం ఫోస్టరింగే.

ఫోస్టరింగ్‌కు, దత్తతకు తేడా ఏంటి?

దత్తత అంటే కుక్క పూర్తిగా మీదే. ఖర్చు, బాధ్యత, కాగితాలు అన్నీ మీ పేరు మీదే ఉంటాయి. ఫోస్టరింగ్ అలా కాదు. శాశ్వత ఇల్లు దొరికేదాకా కుక్క మీ ఇంట్లో ఉంటుంది, బాధ్యత మాత్రం సంస్థదే. వైద్యం ఖర్చు సాధారణంగా సంస్థ భరిస్తుంది. తిండి ఖర్చు ఎవరిదన్నది ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి.

ముసలి కుక్కల కోసం మూడో పద్ధతి కూడా చాలా సంస్థల్లో ఉంది. అదే శాశ్వత ఫోస్టరింగ్. కుక్క చివరి వరకూ అదే ఇంట్లో ఉంటుంది, మందులు, డాక్టర్ ఖర్చు సంస్థ చూసుకుంటుంది. జబ్బున్న కుక్కకు ఎవరూ ముందుకు రానప్పుడు ఈ దారి ఎంచుకుంటారు.

ఫోస్టర్ హోమ్‌గా చేరాలంటే ముందు దరఖాస్తు పెట్టాలి. తర్వాత సంస్థ వాళ్లు వచ్చి ఇల్లు చూస్తారు. పెరడు ఉంటే చుట్టూ ఎత్తైన కంచె ఉందా, గేటు గట్టిగా ఉందా, ఇంట్లో పిల్లి గానీ చిన్న కుక్క గానీ ఉన్నాయా అని చూస్తారు. అద్దె ఇల్లయితే ఓనర్ అనుమతి ఉందో లేదో అడుగుతారు.

మొదటి మూడు రోజులు కీలకం

రెస్క్యూ సంస్థల్లో ఓ లెక్క చెబుతుంటారు. కంగారు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి 3 నెలలు. ఇదేమీ సైన్స్ లెక్క కాదు, ఓ అంచనా మాత్రమే. కానీ తొందరపడొద్దని గుర్తుచేయడానికి పనికొస్తుంది.

కాబట్టి మొదటి రోజే చుట్టాలను పిలిచి చూపించొద్దు. ఒకే గదిలో పరుపు, నీళ్లు పెట్టి వదిలేయాలి. నిద్రలో ఉన్నప్పుడు మాత్రం అస్సలు ముట్టుకోవద్దు. కొన్ని గ్రేహౌండ్స్ కళ్లు తెరిచే నిద్రపోతాయి. నిద్రలో ఉలిక్కిపడి పళ్లు చూపించొచ్చు. దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, లేచాకే దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో చిన్న పిల్లలుంటే ముందు నేర్పాల్సిన విషయం ఇదే.

బయటికి తీసుకెళ్లేటప్పుడు బెల్టు వదలకూడదు. కదిలేదాన్ని చూస్తే వెంటపడటం దీని రక్తంలోనే ఉంది. ఎంత వయసొచ్చినా ఆ గుణం పోదు. ఇంకో విషయం.. గ్రేహౌండ్ తల కంటే మెడ లావు. మామూలు కాలర్ ఇట్టే జారిపోతుంది. అందుకే లాగితే కొంచెం బిగుసుకునే మార్టింగేల్ కాలర్ వాడతారు.

ఇంట్లో ఏం మార్పులు చేయాలి?

రేసు కుక్క కదా, రోజంతా పరుగెత్తించాలేమో అనుకుంటారు చాలామంది. నిజానికి సీన్ రివర్స్. గ్రేహౌండ్ రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉంటుంది. వయసైన కుక్కకు రోజూ రెండు పూటలా చిన్న నడక చాలు.

ఒంట్లో కొవ్వు తక్కువ, చర్మం పల్చన, బొచ్చు పొట్టి. దీంతో మూడు ఇబ్బందులు వస్తాయి. గట్టి నేల మీద పడుకుంటే మోచేతుల దగ్గర పుండ్లు పడతాయి, కాబట్టి మందపాటి పరుపు ఉండాలి. చలి తట్టుకోలేదు, కాబట్టి చలికాలంలో కోటు వేయాలి. చిన్న గీత పడినా చర్మం చిరిగిపోతుంది, కాబట్టి ముళ్ల కంచెలు, పదునైన మూలలు చూసుకోవాలి. అలాగని ఎండకు ఓర్చుకుంటుందని కాదు. వేసవిలో పొద్దున్నే, సాయంత్రం చల్లబడ్డాకే నడిపించాలి.

టైల్స్ మీద ముసలి కుక్క కాళ్లు జారతాయి. అది నడిచే దారిలో పాత యోగా మ్యాట్లు గానీ, రబ్బరు అడుగున్న కార్పెట్ ముక్కలు గానీ పరిస్తే సరిపోతుంది. మెట్లకు గేటు పెట్టాలి. రాత్రిపూట ఒకసారి బయటికి తీసుకెళ్లాల్సి రావొచ్చు. పళ్లు పాడవడం ఈ జాతిలో ఎక్కువ, నమలలేకపోతే తిండి నానబెట్టి పెట్టాలి.

డాక్టర్‌కు తప్పక చెప్పాల్సిన 5 విషయాలు

గ్రేహౌండ్ శరీరం మిగతా కుక్కల్లా పనిచేయదు. ఈ జాతిని ఎక్కువగా చూడని డాక్టర్ దగ్గరికి వెళ్తే ఈ పాయింట్లు ముందే చెప్పాలి.

1. మత్తుమందు: కొన్ని రకాల మత్తుమందులను గ్రేహౌండ్ లివర్ మెల్లగా కరిగిస్తుంది. థయోపెంటాల్ లాంటివి ఇస్తే తేరుకోవడానికి చాలా సమయం పడుతుంది. సురక్షితమైన వేరే మందులు ఉన్నాయి.

2. రక్త పరీక్షలు: ఎర్ర రక్తకణాలు ఎక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ ఉండటం ఈ జాతికి మామూలే. క్రియాటినిన్ కూడా కాస్త ఎక్కువే ఉంటుంది. అది చూసి కిడ్నీ జబ్బని పొరబడే ప్రమాదం ఉంది.

3. థైరాయిడ్: రిపోర్టులో టీ4 తక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు కాదు. అవసరం లేకుండానే జీవితాంతం మాత్రలు వేసిన కేసులు ఉంటాయి.

4. ఆపరేషన్ తర్వాత: కొన్ని కుక్కల్లో ఆపరేషన్ బాగానే జరిగినా ఒకటి రెండు రోజుల తర్వాత రక్తస్రావం మొదలవుతుంది. పళ్లు పీకించినా సరే, ఆ రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి.

5. కుంటడం: ఇది అన్నిటికంటే ముఖ్యం. అరికాలి మెత్తల్లో ఆనెలు రావడం ఈ జాతిలో ఎక్కువ, దానివల్ల కుంటొచ్చు. కానీ ఎముక క్యాన్సర్ కూడా ఈ జాతిలో ఎక్కువే. వయసైన గ్రేహౌండ్ ఉన్నట్టుండి కుంటితే బెణుకులే అని వారాల తరబడి ఊరుకోకుండా ఎక్స్‌రే తీయించాలి.

ఇంకో మాట. నొప్పిగా ఉందని మనుషులు వేసుకునే ఇబుప్రోఫెన్ లాంటి మాత్రలు వేయొద్దు. అవి కుక్కలకు విషంతో సమానం.

ఫోస్టర్ రాసే నోట్సే కుక్కకు బయోడేటా

కెన్నెల్‌లో ఓ మూల ముడుచుకుని పడుకున్న కుక్క గురించి సంస్థ వాళ్లు కూడా పెద్దగా చెప్పలేరు. అదే కుక్క నెల రోజులు ఇంట్లో ఉంటే అన్నీ తెలుస్తాయి. పిల్లిని చూస్తే ఏం చేస్తుంది? ఒంటరిగా ఎంతసేపు ఉండగలదు? కారు ఎక్కుతుందా? రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది? ఏ మందు ఏ టైమ్‌కి, నెలకు ఖర్చెంత? ఫోస్టర్ ఇవన్నీ రాసిపెడితే, తీసుకెళ్లాలనుకునేవాళ్లకు భయం సగం తగ్గుతుంది. వయసు దాచకుండా, జబ్బు దాచకుండా చెప్పడమే మంచిది. దాచిపెట్టి పంపిస్తే కుక్క మూడోసారి ఇల్లు కోల్పోతుంది.

దీనికి సరిపోయేది కూడా ఒక రకం ఇల్లే. పొద్దంతా మనుషులుండే ఇల్లు, మెట్లు లేని ఇల్లు, గోల లేని ఇల్లు. రిటైరైన దంపతులు, ఇంటి నుంచే పనిచేసేవాళ్లు ఇలాంటి కుక్కలకు బాగా కుదురుతారు. ఒప్పందంలో ఓ షరతు సాధారణంగా ఉంటుంది. ఎప్పుడైనా చూసుకోలేని పరిస్థితి వస్తే కుక్కను తిరిగి సంస్థకే అప్పగించాలి, వేరేవాళ్లకు ఇచ్చేయకూడదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు చేయొచ్చా?

తెలుగు రాష్ట్రాల్లో గ్రేహౌండ్ రేస్ ట్రాక్‌లు లేవు కాబట్టి ఇక్కడ ఈ సమస్య పెద్దగా కనిపించదు. కానీ మెల్‌బోర్న్, సిడ్నీ, లండన్ లాంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పక్కింటి విషయమే. విక్టోరియాలో పెంపుడు గ్రేహౌండ్‌కు మూతికి జాలీ కట్టాలన్న రూల్‌ను 2019 జనవరి నుంచి తీసేశారు. అక్కడే 2020 మార్చి నుంచి, సరైన కారణం లేకుండా అద్దె ఇంట్లో పెంపుడు జంతువును వద్దనే హక్కు ఓనర్‌కు లేదు. ఇండియాకు ఎప్పుడు తిరిగొస్తామో తెలియదు, కుక్కను పెంచుకోలేం అనుకునేవాళ్లకు కొన్ని నెలల ఫోస్టరింగ్ కుదిరే పని. అయితే ఊరికి వెళ్లాల్సిన తేదీలు ముందే సంస్థకు చెప్పాలి.

చివరికి మిగిలే ప్రశ్న

ముసలి కుక్కను తెచ్చుకుంటే త్వరగా పోగొట్టుకోవాల్సి వస్తుంది. ఇది నిజమే, ఎవరూ కాదనరు. మంచి సంస్థలు ఈ మాట మొదటి రోజే చెబుతాయి. నొప్పి తగ్గనప్పుడు, లేచి నిలబడలేనప్పుడు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయం తీసుకోవాల్సి రావొచ్చని కూడా ముందే చెబుతాయి.

కానీ లెక్క ఇటువైపు నుంచి కూడా చూడాలి. మనిషికి రెండేళ్లు తక్కువే. పదకొండేళ్ల గ్రేహౌండ్‌కు మాత్రం మిగిలిందంతా ఆ రెండేళ్లే. అవి సిమెంటు గదిలో గడవాలా, ఎవరో ఒకరి ఇంట్లో మెత్తటి పరుపు మీద గడవాలా అన్నది ఓ ఫోస్టర్ ఇల్లు దొరకడం మీదే ఆధారపడి ఉంటుంది.