లేక్ పావెల్ పడవలో ఏం సర్దుకోవాలి? - ఓ నూటయాభై ఏళ్ళ లిస్టు

లేక్ పావెల్ అన్న పేరులోనే ఓ తిరకాసుంది. ఆ పావెల్ గారు ఆ సరస్సుని ఎప్పుడూ చూడలేదు. ఆయన పోయింది 1902లో, సరస్సు నిండటం మొదలైంది 1963లో. ఆయన చూసింది కొలరాడో నదిని, అది కోసుకుంటూ వెళ్ళిన ఎర్రరాతి లోయని. ఆ లోయకి గ్లెన్ కేన్యన్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆయన పేరు పెట్టిన లోయని ముంచేసి, ముంచిన నీళ్ళకి ఆయన పేరు పెట్టారన్నమాట!

అమెరికాలో ఉన్న మనవాళ్ళు చాలామంది యాంటిలోప్ కేన్యన్, హార్స్‌షూ బెండ్ ఫోటోల కోసం అరిజోనాలో పేజ్ అనే ఊరు వెళ్తుంటారు. డ్యామ్ కట్టే కూలీల కోసం 1957లో పుట్టిన ఊరది. కొంచెం ఉత్సాహం ఉన్నవాళ్ళు అక్కడ ఓ పాంటూన్ బోటు అద్దెకి తీసుకుని, టెంట్లు వేసుకుని, నాలుగు రోజులు సరస్సులో గడిపొస్తారు. పాంటూన్ బోటంటే కంగారు పడక్కర్లేదు. నర్సాపురం రేవులో పంటు ఎక్కినవాళ్ళకి ఇట్టే అర్థమైపోతుంది. రెండు పొడుగాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బల్లపరుపు వేదిక, చుట్టూ కటకటాలు, నెత్తిన ఓ గుడ్డ పందిరి, వెనక ఓ మోటారు. అంతే. 1952లో మిన్నెసోటాలో ఆంబ్రోజ్ వీరిస్ అనే ఆయన రెండు ఉక్కు గొట్టాల మీద చెక్క బల్లలు పరిచి ఇలాంటిది తయారుచేశాడు. కెరటాలూ సుడులూ లేని చెరువు నీళ్ళ కోసం పుట్టిన పడవ ఇది.

ఇలాంటి ట్రిప్పుల కోసం తయారుచేసే సామాన్ల లిస్టులు కొన్ని చూశాక నాకో సంగతి తట్టింది. పడవలో ఏం సర్దుకుంటామన్నది మన అవసరాల కంటే ఎక్కువగా, ఆ నీళ్ళ గురించి మనం ఏం నమ్ముతున్నామో చెప్తుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో అయితే 'అసంప్షన్' అంటాం. కోడ్‌లో ఎక్కడా రాసి ఉండదు గానీ అంతా దాని మీదే నిలబడి ఉంటుంది. ఈ లోయలో నూటయాభై ఏళ్ళుగా ఎవరేం సర్దుకెళ్ళారో చూస్తే ఆ నమ్మకాలు వరసగా ఎలా బోల్తా పడ్డాయో కనపడుతుంది.

మొదట పావెల్ సంగతే చూద్దాం. ఆయన 1862లో షైలో యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. ఒంటిచేత్తోనే 1869 మే 24న వ్యోమింగ్‌లోని గ్రీన్ రివర్ స్టేషన్ నుంచి నాలుగు పడవలు, తొమ్మిది మంది మనుషులతో బయల్దేరాడు. దారిలో చలికాలం గడపాల్సి రావచ్చని పది నెలలకి సరిపడా తిండి వేసుకున్నాడు. ఒక పడవ పోయినా అన్నీ పోకూడదని ప్రతి సరుకునీ మూడు పెద్ద పడవల్లో సమానంగా పంచాడు. మనం ఇవాళ డేటాని మూడు సర్వర్ల మీద పెట్టినట్టే.

మరి ఏమైంది? జూన్‌లోనే 'నో నేమ్' అనే పడవ రాళ్ళకి కొట్టుకుని రెండు ముక్కలైంది. తిండి పంచారు గానీ, ఎత్తులు కొలిచే బారోమీటర్లు మాత్రం అన్నీ ఆ ఒక్క పడవలోనే ఉండిపోయాయట! మర్నాడు ఇద్దరు ప్రాణాలకి తెగించి ఆ శిథిలం దగ్గరికి వెళ్ళి వాటిని బయటికి తీశారు. తీశాక పెద్ద కేరింతలు. సైన్సు మీద వీళ్ళకి ఇంత ప్రేమా అని పావెల్ మురిసిపోయాడు. తీరా చూస్తే ఆయనకి తెలియకుండా దాచుకున్న విస్కీ పీపా కూడా దొరికిందట, కేరింతలు దానికి.

మిగిలిన పడవల్లో సరుకులైనా బాగున్నాయా అంటే అదీ లేదు. మాటిమాటికీ తడవడంతో పిండి ముక్కిపోయి గడ్డలు కట్టింది. దోమతెర గుడ్డతో జల్లించి గడ్డలు పారేశారు. ఆగస్టుకి మిగిలినవి కొంత పిండి, ఎండు ఆపిల్ ముక్కలు, కాఫీ. పది నెలల తిండితో మొదలైన ప్రయాణం మూడు నెలల్లోనే ఆకలి ప్రయాణమైంది. ఒకే ప్రమాదం అన్నిటినీ ఒకేసారి తడిపేస్తే మూడు కాపీలున్నా ఏం లాభం?

ఆ ప్రయాణంలో వాళ్ళకి కాస్త ఊపిరి తీసుకోనిచ్చిన చోటు గ్లెన్ కేన్యనే. సుడులు లేని నీళ్ళు, రాతిగోడల మధ్య పచ్చటి మూలలు. ఒక పెద్ద గుహలాంటి చోట మాట మోగుతుంటే దానికి మ్యూజిక్ టెంపుల్ అని పేరు పెట్టారు. హౌలండ్ అన్నదమ్ములు, విలియం డన్ అక్కడి రాతి మీద తమ పేర్లు చెక్కారు. నెల తిరక్కముందే, ఆగస్టు 28న, ఆ ముగ్గురూ ఇక ఈ నదితో మావల్ల కాదని గ్రాండ్ కేన్యన్ నుంచి పైకెక్కి వెళ్ళిపోయారు, దారిలో చంపబడ్డారు. అంతకుముందే ఇంకొకాయన వెళ్ళిపోయాడు కాబట్టి ఆగస్టు 30న వర్జిన్ నది కలిసే చోటుకి చేరింది ఆరుగురు, రెండు పడవలు.

పదేళ్ళ తర్వాత ఇదే లోయకి ఇంకో రకం ప్రయాణికులొచ్చారు. సుమారు 250 మంది మార్మన్లు, 83 బండ్లు, పిల్లాపాపలు, పశువులు. ఆరు వారాల్లో అవతలికి చేరిపోతామనుకున్నారు, ఆర్నెల్లు పట్టింది. నది వెయ్యి అడుగుల కింద ఉంది. కొండ అంచున ఉన్న ఓ చీలికని మందుగుండుతో, సుత్తులతో వెడల్పు చేశారు. 1880 జనవరి 26న చక్రాలకి గొలుసులు బిగించి, వెనక నుంచి తాళ్ళు పట్టుకుని బండ్లని కిందికి దింపారు. కింద సొంతంగా కట్టుకున్న బల్లకట్టు మీద నది దాటించారు. ఆ బల్లకట్టు కూడా మన పాంటూన్‌కి ముత్తాత లాంటిదే. ఆ చీలికని ఇప్పటికీ హోల్ ఇన్ ది రాక్ అంటారు. అయితే ఆ దారి కింది భాగం ఇప్పుడు సరస్సులో ఉంది.

తర్వాత వచ్చినాయన మన ఇంజనీర్ల జాతే. రాబర్ట్ బ్రూస్టర్ స్టాంటన్. 1889లో కొలరాడో నది వెంబడే రైలుమార్గం వేద్దామని సర్వేకి బయల్దేరిన బృందంలో ఉన్నాడు. ఆ పడవల్లో లైఫ్ జాకెట్లు లేవు. గ్లెన్ కేన్యన్ దాటి కొంచెం దిగువకి వెళ్ళగానే ఆ రైలు కంపెనీ ప్రెసిడెంటుతో సహా ముగ్గురు మునిగిపోయారు. సర్వే ఆపేసి వెళ్ళిపోయి, ఆ చలికాలంలోనే మళ్ళీ వచ్చాడు. ఈసారి లైఫ్ జాకెట్లతో. ఆ లిస్టులో చేరిన ఆ ఒక్క వస్తువుకీ ముగ్గురి ప్రాణాలు ఖరీదు.

రైలు రాలేదు గానీ స్టాంటన్ మళ్ళీ వచ్చాడు, ఈసారి బంగారం కోసం. గ్లెన్ కేన్యన్ ఇసుకలో బంగారం రజను ఉంది. దాన్ని తోడటానికి పెద్ద తేలే యంత్రాన్ని ముక్కలుగా గుర్రబ్బండ్ల మీద తెప్పించి 1901 నాటికి నదిలో బిగించాడు. బంగారం ఉన్న మాట నిజమే, కాకపోతే అది యంత్రం పట్టుకోలేనంత సన్నగా ఉంది. లక్షల డాలర్ల ఖర్చుకి వచ్చింది వంద డాలర్లు కూడా లేదు. ఆ కంపెనీలో డబ్బు పెట్టిన జూలియస్ స్టోన్ 1938లో అటుగా పడవలో వెళ్తూ, ఆ యంత్రం చెక్కలతోనే కాఫీ కాచుకుని, ఈ కాఫీ నాకు అయిదు వేల డాలర్లు పడిందని లెక్క చెప్పాడని ఓ కథ. ఇప్పుడా యంత్రం కూడా నీళ్ళ కిందే.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మిలిటరీ అమ్మేసిన రబ్బరు పడవలు చవగ్గా దొరికాయి. జార్జీ వైట్ అనే ఆవిడ అయితే సైన్యం వంతెనలకి వాడిన రబ్బరు పాంటూన్లని మూడింటిని కలిపి కట్టి జనాన్ని గ్రాండ్ కేన్యన్ తిప్పింది. మామూలు మనుషులు ఈ నదిని చూడటం అప్పుడే మొదలైంది. సరిగ్గా అప్పుడే డ్యామ్ కూడా వచ్చింది. 1956 ఏప్రిల్‌లో చట్టం, అక్టోబరులో మొదటి పేలుడు, 1963 మార్చి 13న గేట్లు మూసివేత. ఎగువన ఎకో పార్కులో కట్టాలనుకున్న డ్యామ్‌ని పర్యావరణ ఉద్యమం అడ్డుకుంది. ఆ రాజీలో గ్లెన్ కేన్యన్ బలైపోయింది. ఎక్కువమంది చూడని లోయ కాబట్టి అడిగేవాళ్ళూ తక్కువే. మునిగిపోయేలోపు పురావస్తు శాఖవాళ్ళు పరుగులు పెట్టి రెండువేలకి పైగా పాత నివాసాల ఆనవాళ్ళు నమోదు చేశారు. దాదాపు అవే ఏళ్ళలో మన నాగార్జునకొండ లోయలోనూ ఇదే పరుగు జరిగింది.

నిండటానికి పదిహేడేళ్ళు పట్టింది. 1980 జూన్‌లో నీటిమట్టం 3,700 అడుగులకి చేరింది. సరస్సు పొడవు 186 మైళ్ళు, ఒడ్డు 1,960 మైళ్ళు. 1983లో మంచు ఒక్కసారిగా కరిగి వరదొస్తే, డ్యామ్ గేట్ల మీద ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి నీళ్ళు ఆపారు! 710 అడుగుల కాంక్రీటు కట్టడానికి చివరాఖరికి ప్లైవుడ్ దిక్కైంది. ఆ ఏడాది అందరి భయం నీళ్ళు ఎక్కువైపోతాయని. 2023 ఫిబ్రవరికి మట్టం దాదాపు 3,520 అడుగులకి పడిపోయింది, అంటే నిండు మట్టానికి 180 అడుగులు తక్కువ.

మనం చేసే లిస్టులు మాత్రం ఇంకా 1980 సరస్సు కోసమే ఉన్నాయని నా గొడవ. కూలర్లుంటాయి, స్పీకరుంటుంది, పులిహోర ఉంటుంది, నీటిమట్టం మాత్రం ఉండదు. అది తెలియకపోతే పెట్రోలు లెక్కే కుదరదు. వాహ్‌వీప్ దగ్గర కాజిల్ రాక్ కట్ అనే అడ్డదారి ఉంది. నీళ్ళుంటే సుమారు 12 మైళ్ళు కలిసొస్తుంది, తగ్గితే చుట్టూ తిరిగి వెళ్ళాలి. మధ్యలో పెట్రోలు దొరికే డాంగ్లింగ్ రోప్ రేవు 2021లో గాలికి దెబ్బతిని, నీళ్ళూ తగ్గి మూతపడింది. పాత మ్యాపు చూసి అక్కడ పోయించుకుందాంలే అనుకుంటే అంతే సంగతులు. అందుకే వెళ్ళే ముందు ఆ రోజు మట్టం, తెరిచి ఉన్న రేవులు చూసుకుని, పైన మూడోవంతు పెట్రోలు అదనంగా ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మిగతావి కూడా నీళ్ళనీ గాలినీ బట్టే. గుడ్డ పందిరి గాలొస్తే తెరచాపైపోతుంది, కాబట్టి రాత్రికి దించెయ్యాలి. లంగర్లు రెండు కావాలి, ఒడ్డు ఇసుకలో గొయ్యి తీసి చెరోవైపు పాతాలి. ఆగస్టు వానల్లో సన్నటి పక్కలోయల అడుగున టెంటు వెయ్యకూడదు, ఎక్కడో కురిసిన వాన ఇక్కడ గోడలా వచ్చిపడుతుంది. ఒడ్డున దొడ్డి లేని చోట సొంత టాయిలెట్ పెట్టె తీసుకెళ్ళడం అక్కడి రూలు. జనరేటరో ఇంజనో నడుస్తున్నప్పుడు పడవ వెనకవైపు ఎవర్నీ ఈదనివ్వకూడదు. 2000 ఆగస్టులో ఈ సరస్సులోనే ఓ హౌస్‌బోటు వెనక కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఇద్దరు చిన్నపిల్లలు, అన్నదమ్ములు, చనిపోయారు. ఈత వచ్చినా, నీళ్ళు నిశ్చలంగా ఉన్నా. లైఫ్ జాకెట్ లాగే ఈ రూలు వెనకా ప్రాణాలున్నాయి.

నీళ్ళు తగ్గడం నష్టమేనా అని అడిగితే నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. ఈ నది నీళ్ళ మీద బతికేవాళ్ళు నాలుగు కోట్లమంది. ఇంకోపక్క, మునిగిపోయిందనుకున్న 'కెథీడ్రల్ ఇన్ ది డెజర్ట్' అనే రాతి గుహ 2005లో నీళ్ళలోంచి మళ్ళీ బయటపడింది. బురద కొట్టుకుపోయిన పక్కలోయల్లో మళ్ళీ చెట్లు మొలుస్తున్నాయి. అందరూ కథ అయిపోయిందనుకున్న చోట కథ మళ్ళీ మొదలైనట్టుంది.

అందుకే ఆ లిస్టులో నేను చేర్చే చివరి వస్తువు 1963కి ముందు గ్లెన్ కేన్యన్ మ్యాపు ఒకటి. బరువుండదు, ఖర్చూ లేదు. సాయంత్రం ఇంజను ఆపేసి ఆ మ్యాపు చూస్తే, మీ పంటు కింద ఎన్ని వందల అడుగుల లోతున ఏ గుహ ఉందో, ఏ రాతి మీద ఆ ముగ్గురి పేర్లున్నాయో తెలుస్తుంది. సరస్సు మీద తేలడానికి రెండు అల్యూమినియం గొట్టాలు చాలు. ఎక్కడ తేలుతున్నామో తెలియాలంటే మాత్రం ఆ కాగితం కావాలి. మీరెవరైనా అటు వెళ్ళొచ్చుంటే, మీ లిస్టులో ఏముందో చెప్పండి మరి.