ఖాకీ అట్టల వెనుక

మన బడి గ్రంథాలయం గుర్తుందా? ఉన్నది రెండు ఇనప బీరువాలు. కొత్త పుస్తకం రాగానే చిరగకుండా ఖాకీ కాగితంతో అట్ట వేసి, వీపున రిజిస్టరు నంబరు రాసేవారు. జాగ్రత్త మంచిదే. కానీ తలుపు తీస్తే పుస్తకాలన్నీ ఒకేలా కనిపించేవి. ఆ నంబరు పుస్తకం ఎప్పుడు చేరిందో చెప్పేదే కానీ అందులో ఏముందో చెప్పేది కాదు.

అసలు పుస్తకం వీపు మనవైపు తిరిగి, దానిమీద పేరుండటం మొదటినుంచీ ఉన్నదేమీ కాదు. మన తాళపత్రాలకు వీపే లేదు, చెక్క పలకల మధ్య బిగించి గుడ్డలో చుట్టేవారు. ఐరోపాలో ఒకప్పుడు పుస్తకాలను అరలకు గొలుసులతో కట్టేవారు. ఇంగ్లండులోని హెరిఫర్డ్ కెథడ్రల్‌లో అలాంటి గ్రంథాలయం నేటికీ ఉంది. గొలుసు అట్ట ముందు అంచుకు ఉంటుంది కనుక వీపు లోపలికీ కాగితాల అంచు బయటికీ పెట్టేవారు. ఏ బీరువాలో ఏముందో దాని చివర జాబితా తగిలించేవారు. ఇటలీలో పిల్లోనే కుటుంబమైతే 16వ శతాబ్దంలో చెజారె వెచెల్లియో అనే చిత్రకారుడి చేత ఆ అంచులమీద బొమ్మలే వేయించుకుంది! వీపులు బయటికి తిరిగి, వాటిపై పేర్లు రావడం ఆ తర్వాతే స్థిరపడింది.

1876లో మెల్విల్ డ్యూయీ దశాంశ సంఖ్యలతో వీపుమీది అంకె విషయాన్ని చెప్పసాగింది. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఎస్.ఆర్. రంగనాథన్ పాఠకుణ్ణే అరల దగ్గరికి రానిచ్చారు. 1931లో ఆయన ప్రకటించిన పంచ సూత్రాల్లో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చేయమనేది.

ఈ చరిత్ర ఆనాడు మాకు తెలియదు. నేను తొమ్మిదిలో ఉండగా మన తెలుగు మాస్టారు ఒక శనివారం రంగు కాగితాలు, మైదా జిగురు తెచ్చి నలుగురం పిల్లల్ని కూర్చోబెట్టారు. కథలకు ఎరుపు, సైన్సుకు ఆకుపచ్చ, జీవిత చరిత్రలకు నీలం. అడుగునుంచి రెండంగుళాల ఎత్తులో, అన్నిటికీ ఒకే వరసలో పట్టీ అంటించాలి. దానిపైన పేరు రాయాలి. పైనుంచి కిందికా, కిందినుంచి పైకా అని మేం తగువులాడుకున్నాం. మెడ ఒకవైపే వంచేలా రాయండిరా అన్నారాయన.

పేరు కోసం ఒక్కో అట్ట విప్పుతున్నాం. రెండేళ్లుగా నేను అడుగుతున్న 'బారిష్టర్ పార్వతీశం' రెండో అరలోనే దొరికింది. ప్రతి వారం నేను చూస్తూనే ఉన్న పుస్తకమది.